తేలికైన చక్రాలు, కారు మైలేజీ: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండే మనవాళ్లలో ఎవరు కారు టైర్లు మార్చబోయినా ఒక మాట దగ్గర ఆగిపోతారు: ‘ఎలాగూ టైర్లు మారుస్తున్నాం కదా, తేలికైన అల్లాయ్ వీల్స్ (అల్యూమినియం మిశ్రమ లోహపు చక్రాలు) కూడా వేసేస్తే పెట్రోలు కలిసొస్తుందా?’ కొన్నేళ్లుగా ఇరుగుపొరుగువారికి, ఆఫీసు మిత్రులకు ఇదే విషయం చెబుతూ వస్తున్నాను. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఇంకా ఆలోచనలో ఉన్నవారికి

అల్లాయ్ వేస్తే మైలేజీ పెరుగుతుందని దుకాణంలో చెప్పారు. నిజమేనా?

చక్రం నిజంగా తేలికైనదైతే కొద్దిగా పెరుగుతుంది. అయితే అల్లాయ్ అయినంత మాత్రాన చక్రం తేలికైపోదు. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది 7.85 కాబట్టి బరువు మూడో వంతుకు పడిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ అల్యూమినియానికి ఉక్కంత బలం లేదు. ఆ లోటు తీర్చడానికి పోత చక్రాన్ని మందంగా పోస్తారు. అందువల్ల ఒకే సైజులో ఇనుప రిమ్ముకూ మామూలు అల్లాయ్‌కీ తేడా తరచుగా ఒక కిలో, మహా అయితే రెండు కిలోలు ఉంటుంది. చవక రకం అల్లాయ్‌లలో కొన్ని ఇనుప రిమ్ము కన్నా బరువుగా ఉండడం నేను చూశాను.

చక్రంలో ఒక కిలో తగ్గితే బండిలో నాలుగు కిలోలు తగ్గినట్టేనట కదా?

కాదు. రెండు కిలోలకు మించదు. కుమ్మరి సారెను గుర్తు చేసుకోండి. బరువంతా అంచున ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పడమూ కష్టమే, ఒకసారి తిరిగాక ఆపడమూ కష్టమే. కారు చక్రం ముందుకు సాగుతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. ఇంజను ఈ రెండు పనులకూ శక్తి ఇవ్వాలి. బరువు పూర్తిగా నేలకు తాకే అంచున ఉంటే కిలో చక్రం రెండు కిలోల బండితో సమానం. రిమ్ము అంతకన్నా లోపల ఉంటుంది కనుక వాస్తవంలో ఆ లెక్క ఒకటిన్నర చుట్టూ తేలుతుంది. టైరు ఇంకా బయటికి ఉంటుంది కాబట్టి టైరులో తగ్గిన కిలో రిమ్ములో తగ్గిన కిలో కన్నా విలువైనది. ఈ సంగతి దుకాణాల్లో ఎవరూ చెప్పరు.

సిద్ధాంతం సరే, నా జేబుకు ఎంత మిగులుతుందో లెక్క వేసి చెప్పండి.

ఒక్కో చక్రానికి 2 కిలోల చొప్పున నాలుగింటికి 8 కిలోలు తగ్గాయనుకుందాం. తిరుగుడు లెక్క కూడా కలిపితే సుమారు 13 కిలోల భారం దించినట్టు. కారులో 45 కిలోలు అదనంగా ఉంటే మైలేజీ ఒక శాతం దాకా పడుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఆ ప్రకారం 13 కిలోలకు వచ్చేది 0.3 శాతం. నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 16 చొప్పున తిరిగే కారుకు 62.5 లీటర్లు పడుతుంది. అందులో 0.3 శాతమంటే లీటరులో ఐదో వంతు కూడా కాదు. లీటరు 100 రూపాయలనుకుంటే నెలకు మిగిలేది 20 రూపాయల లోపే. చక్రాల సెట్టుకు 30,000 పెట్టి ఉంటే ఆ డబ్బు పెట్రోలు రూపంలో తిరిగి రావడానికి 125 ఏళ్ల పైనే పడుతుంది. నగరంలో పదే పదే ఆగి కదులుతారు కాబట్టి లాభం రెట్టింపు అనుకున్నా 60 ఏళ్ల పైమాటే.

అయితే తేలిక చక్రాలు దండగంటారా?

అనను. పెట్రోలు మిగులుతుందని కొంటే నిరాశ పడతారని మాత్రమే అంటాను. తేలిక చక్రం అసలు మేలు వేరే చోట ఉంది. చక్రం, టైరు, బ్రేకు ఇవన్నీ స్ప్రింగుకు కింద ఉండే బరువు. ఇది తగ్గితే గతుకు మీద చక్రం తొందరగా లేచి, తొందరగా మళ్లీ నేలను పట్టుకుంటుంది. కుదుపు కూర్చున్నవారి నడుము దాకా రావడం తగ్గుతుంది. తడి రోడ్డు మీద, ఎగుడుదిగుడు మలుపులో బ్రేకు వేసినప్పుడు టైరు నేలను వదలకుండా ఉంటుంది. బెంగళూరు రోడ్ల మీద రోజూ తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు. పాత రిమ్ములు వంగిపోయో, తుప్పు పట్టి గాలి నిలవకో ఎలాగూ మార్చక తప్పదంటే, తేలికైనవే ఎంచుకోండి.

లాభం సిటీ ట్రాఫిక్‌లో ఎక్కువా, హైదరాబాద్ హైవే మీదా?

సిటీలోనే. బరువు ఇంజనును ఎక్కువగా శ్రమ పెట్టేది వేగం పెంచేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు. సిల్క్ బోర్డు దగ్గర వంద మీటర్లకు ఒకసారి ఆగి కదిలిన ప్రతిసారీ చక్రాలను మళ్లీ తిప్పాలి, ఆ శక్తంతా తర్వాతి బ్రేకులో వేడిగా పోతుంది. నగరాల ట్రాఫిక్‌ను లెక్కగట్టే టామ్‌టామ్ సంస్థ 2023 లెక్క ప్రకారం బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు దాటడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు 21 కిలోమీటర్లు. అనంతపురం, కర్నూలు మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద స్థిరంగా పోతున్నప్పుడు చక్రం బరువు పాత్ర దాదాపు ఉండదు. అక్కడ పెట్రోలు తాగేది గాలి. గంటకు 80 నుంచి 100కు వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

నాకు కావలసింది మైలేజీ ఒక్కటే. మరి ముందు ఏం చేయాలి?

ముందు టైర్లలో గాలి చూడండి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) తగ్గినకొద్దీ మైలేజీ సుమారు 0.2 శాతం పడుతుంది. 33 ఉండాల్సిన చోట 27 ఉంటే 1.2 శాతం పోయినట్టే. ఖరీదైన చక్రాలతో వచ్చే లాభానికి ఇది నాలుగింతలు, పైగా ఖర్చు లేనిది. తర్వాతి మాట టైరు ఎంపిక. టైరు దొర్లేటప్పుడు కలిగే నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం మిగులుతుంది. మన దేశంలో ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ టైర్లకు కూడా నక్షత్రాల రేటింగు ఇస్తోంది, కొనేటప్పుడు అడగండి. ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తా డిక్కీలో వారాల తరబడి ఉండిపోతే దింపేయండి. ఆ 25 కిలోలు నాలుగు చక్రాల్లో ఆదా చేయగలిగే బరువుకు మూడింతలు.

మాది ఎలక్ట్రిక్ కారు. మాకూ ఇదే వర్తిస్తుందా?

ఇంకా తక్కువగా వర్తిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఆ శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది కాబట్టి బరువు వల్ల నష్టం తగ్గుతుంది. మీకు చక్రం ముఖం ఎంత చదునుగా ఉందన్నది ముఖ్యం. కంపెనీ ఇచ్చిన చదును మూతలు అందం కోసం తీసేస్తే హైవే మీద రేంజి కొంత తగ్గుతుంది.

## సైజు తేల్చుకునే దశలో

14 అంగుళాల నుంచి 16కు వెళ్లాలనుంది. అల్లాయ్ కదా, మైలేజీ తగ్గదుగా?

తగ్గుతుంది. ఈ ఒక్క పొరపాటు వల్లే చాలామంది డబ్బు పెట్టి మరీ మైలేజీ పోగొట్టుకుంటారు. రిమ్ము పెద్దదయ్యేకొద్దీ లోహం కేంద్రం నుంచి దూరం జరుగుతుంది, బరువూ పెరుగుతుంది. దానితోపాటు వెడల్పాటి టైరు వస్తుంది. గాలి అడ్డు, దొర్లే నిరోధం రెండూ ఎక్కువవుతాయి. పైగా టైరు పక్క గోడ పొట్టిదవుతుంది. టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 165/80 ఆర్14 టైరుకు పక్క గోడ 132 మిల్లీమీటర్లు, 195/55 ఆర్16కు 107 మాత్రమే. రెండింటి మొత్తం వ్యాసం దాదాపు ఒకటే అయినా, గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడే రబ్బరు రెండున్నర సెంటీమీటర్లు తగ్గిపోయింది. వానాకాలం ఔటర్ రింగు రోడ్డులో నీళ్లు నిండి కనిపించని గుంతకు ఆ రెండున్నర సెంటీమీటర్లే మీకున్న రక్షణ. మైలేజీ కావాలంటే మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజుల్లో చిన్నదానికే కట్టుబడి ఉండండి.

పీసీడీ, ఆఫ్‌సెట్, సెంటర్ బోర్ అంటున్నారు. ఇవన్నీ నేను తెలుసుకోవాలా?

తెలుసుకోవాలి. చక్రం మీ కారుకు సరిపోతుందో లేదో తేల్చేవి ఇవే.

పీసీడీ అంటే బోల్టు రంధ్రాలన్నీ కూర్చునే వలయం వ్యాసం. 4x100 అంటే నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం. 4x98 చక్రాన్ని 4x100 హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) బలవంతంగా బిగించేవారు ఉన్నారు. ప్రాణం మీద ఆశ ఉంటే ఒప్పుకోకండి.

ఆఫ్‌సెట్‌ను ఈటీ అని రాస్తారు. రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరమది. వెడల్పు మారకుండా ఈటీ 45 తీసి ఈటీ 30 వేస్తే చక్రం 15 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. బేరింగు మీద భారం పెరుగుతుంది, బురద తలుపుల మీదికి చిమ్ముతుంది, ఐదుగురు ఎక్కితే టైరు ఫెండరుకు రాసుకుంటుంది.

సెంటర్ బోర్ మధ్య రంధ్రం. మారుతి స్విఫ్ట్‌కు అది 54.1, హోండా సిటీకి 56.1 మిల్లీమీటర్లు. బయట దొరికే చక్రాలకు సాధారణంగా ఇంకా పెద్ద రంధ్రం ఉంటుంది. ఆ ఖాళీని నింపే రింగు వేయించుకోకపోతే 80 దాటాక స్టీరింగు వణుకుతుంది.

రిమ్ము ఎంత వెడల్పు ఉండాలి?

185/65 ఆర్15 టైరుకు 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము నప్పుతుంది, 5.5 ఉత్తమం. అక్కర్లేని ప్రతి అర అంగుళమూ అదనపు లోహమే.

పోలీసులు, ఇన్సూరెన్సు వాళ్లు అభ్యంతరం చెబుతారా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. మీ మోడల్‌లోనే పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే సైజు వేసుకోవడం సురక్షితమైన దారి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కరులో ఆమోదించిన టైరు సైజులు ఉంటాయి. బయట కొన్న అల్లాయ్‌లను ఇన్సూరెన్సు వారికి ముందే చెప్పి పాలసీలో రాయించుకోండి. లేకపోతే చోరీ జరిగినప్పుడు వాటి విలువ రాదు.

## దుకాణంలో

ఎవరిని అడిగినా ‘చాలా లైట్ సార్’ అంటారు తప్ప బరువు చెప్పరు. ఎలా తెలుసుకోవాలి?

మీరే తూచండి. విమాన ప్రయాణానికి సామాను తూచే కొక్కెం కాటా వెంట తీసుకెళ్లండి, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఒకసారి జేసీ రోడ్డులో ఒక దుకాణానికి అలాగే వెళ్లాను. తేలికైనదని చూపించిన 16 అంగుళాల చక్రాన్ని కొక్కేనికి తగిలించి ఎత్తితే 9.1 కిలోలు చూపింది. మా కారు నుంచి విప్పిన 14 అంగుళాల ఇనుప రిమ్ము 6.7. చక్రానికి 2.4 కిలోల చొప్పున బరువు పెంచుకోవడానికి నేను డబ్బు ఇవ్వబోతున్నాను. అక్కడ పనిచేసే చిత్తూరు కుర్రాడు ‘అన్నా, కాటా పట్టుకొని వచ్చినవాళ్లను ఇప్పుడే చూస్తున్నా’ అంటూ తానే నిచ్చెనెక్కి ఇంకో ఎనిమిది రకాలు దించాడు. వరసగా తూచుకుంటూ పోయాం. చూడడానికి బక్కపలచని పుల్లలతో (స్పోక్స్‌తో) ఉన్న ఒక చక్రం అన్నింటికన్నా బరువు తేలింది, వెనక్కి తిప్పి చూస్తే లోపలి గోడ వేలి మందం ఉంది. చూపుతో బరువు తెలియదని ఆ రోజు బాగా అర్థమైంది.

టైరు లేకుండా, మూత, రింగు లేకుండా తూచండి. మీ పాత రిమ్ము బరువు ముందే రాసుకొని వెళ్లండి.

కాస్టింగ్, ఫ్లో ఫార్మింగ్, ఫోర్జ్‌డ్ అంటే ఏమిటి? ధరలో అంత తేడా ఎందుకు?

కాస్టింగ్ అంటే పోత. కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోస్తారు. లోహం తనంతట తాను జారి అచ్చు నిండితే లోపల సన్నని గాలి బుడగలు మిగిలే అవకాశం ఎక్కువ, అందుకే గోడలు మందంగా ఉంచుతారు. కింది నుంచి తక్కువ పీడనంతో లోహాన్ని నింపే పద్ధతి దానికన్నా మేలు.

ఫ్లో ఫార్మింగ్‌లో మధ్య భాగం పోత పోసినదే. గోడను మాత్రం వేడిగా తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీస్తారు. కుమ్మరి కుండ గోడను వేళ్ల మధ్య పట్టి పైకి లాగినట్టు. లోహపు రేణువులు దట్టమై, గోడ పలచబడినా బలం నిలుస్తుంది. సరిగ్గా అంచు దగ్గర బరువు తగ్గుతుంది కాబట్టి పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. నేను సలహా ఇవ్వాల్సి వస్తే ఇక్కడే ఆగమంటాను.

ఫోర్జ్‌డ్ అంటే గట్టి అల్యూమినియం దిమ్మను వేల టన్నుల ప్రెస్సు కింద ఆకారానికి తెచ్చి, తర్వాత చెక్కడం. తేలిక, బలం రెండింటిలోనూ ఇది మేటి. జపాన్‌కు చెందిన రేస్ సంస్థ 1996లో తెచ్చిన టీఈ37 చక్రం పేరులోని 37కు మూలం దాని బరువే: 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు (6జె) సైజులో 3.7 కిలోలు. అంత నైపుణ్యానికి ధర కూడా అలాగే ఉంటుంది. పిల్లలను బడికి దింపి ఆఫీసుకు వెళ్లే కారుకు అది అవసరం లేదు.

నాణ్యత గుర్తులు ఏవి చూడాలి?

చక్రం వెనక వైపు చూడండి. ఐఎస్‌ఐ ముద్ర, సైజు, ఈటీ, గరిష్ఠ భారం చెక్కి ఉండాలి. జేడబ్ల్యూఎల్ అన్నది జపాన్ ప్రమాణానికి లోబడి చేశామని తయారీదారు చెప్పుకొనే గుర్తు. వీఐఏ కూడా ఉంటే బయటి సంస్థ దగ్గర పరీక్షించి నమోదు చేయించారని అర్థం. భారం లెక్క మరచిపోవద్దు: మీ కారులో ఎక్కువ బరువు మోసే ఇరుసు సామర్థ్యంలో సగానికి తక్కువ కాకుండా ఒక్కో చక్రం మోయగలగాలి. తేలికగా ఉండి భారం అంకె లేని చక్రాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

సెకండ్ హ్యాండ్ అల్లాయ్ తీసుకోవచ్చా? చీలినదాన్ని వెల్డింగు చేయించవచ్చా?

కొత్త కారు కొన్నవారు వెంటనే మార్చేసిన కంపెనీ చక్రాలైతే తీసుకోవచ్చు, తక్కువ ధరకు మంచి బేరం. మిగతావాటికి లోపలి గోడను తడి గుడ్డతో తుడిచి, ఫోను లైటు పక్క నుంచి వేసి చూడండి. కొత్తగా రంగు కొట్టిన చక్రమైతే ఇంకా అనుమానంగా చూడండి, రంగు కింద వెల్డింగు దాగి ఉండవచ్చు. బ్యాలెన్సింగు మిషను మీద ఉత్త రిమ్మును తిప్పించి ఊగుతోందేమో గమనించండి.

ఇనుప రిమ్ము దెబ్బ తగిలితే వంగుతుంది, పోత అల్లాయ్ చీలుతుంది. వెల్డింగు వేడికి చీలిక చుట్టూ ఉన్న లోహం తన గట్టిదనాన్ని పోగొట్టుకుంటుంది. పుల్లకు గానీ, బోల్టుల చుట్టూ గానీ చీలిక వస్తే ఆ చక్రాన్ని తుక్కుకు వేయడమే సరైన పని.

## బిగించే రోజు, ఆ తర్వాత

పాత నట్లు కొత్త చక్రానికి పనికొస్తాయా? స్టెప్నీ సంగతేమిటి?

నట్టు కూర్చునే చోటు ఆకారం చూడాలి. కొన్నింటికి శంకువులా, కొన్నింటికి బంతిలా ఉంటుంది. ఆకారం కలవకపోతే నట్టు బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతుంది. స్టెప్నీ ఇనుపదే మిగిలితే దానికి సరిపోయే పాత నట్లను ఒక సంచిలో వేసి డిక్కీలో ఉంచండి. రాత్రి పూట ముళబాగిలు దాటాక పంక్చరైతే అవి లేకుండా ఏమీ చేయలేరు. గాలి తుపాకీతో ఇష్టమొచ్చినట్టు బిగించనివ్వకండి. మాన్యువల్‌లో చెప్పిన టార్కు (తిప్పి బిగించే బలం) ప్రకారం బిగించమనండి, చిన్న కార్లలో అది సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడాలి.

చక్రాలు మార్చగానే మైలేజీ 16 నుంచి 17కు పెరిగింది. మీరేమో పెరగదంటున్నారు?

కొత్త టైరు సైజు చెప్పండి, లెక్క వేద్దాం. 165/80 ఆర్14 వ్యాసం 619.6 మిల్లీమీటర్లు. దాని బదులు 175/65 ఆర్14 వేస్తే 583.1. చిన్న చక్రం అంతే దూరానికి ఎక్కువ సార్లు తిరుగుతుంది, మీటరు ఆ తిరుగుడునే లెక్కిస్తుంది. 100 కిలోమీటర్లు వెళ్తే 106 అని చూపుతుంది. 16 కాస్తా కూర్చున్న చోటే 17 అయిపోయింది, పెట్రోలు మాత్రం అంతే ఖర్చవుతోంది. కారు నేలకు దాదాపు 18 మిల్లీమీటర్లు దగ్గరైంది కూడా. స్పీడు బ్రేకర్ల మీద అడుగు తగలడం మొదలైతే కారణం అదే.

నిజమైన మైలేజీ ఎలా కొలవాలి?

డ్యాష్‌బోర్డు అంకెను పక్కన పెట్టండి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, మొదటిసారి ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించండి. మీటరు సున్నా చేసి, నడిచిన దూరాన్ని మళ్లీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. చక్రాలు మార్చకముందు మూడు ట్యాంకులు, తర్వాత మూడు ట్యాంకులు, ఒకే దారిలో. దూరాన్ని ఫోనులోని జీపీఎస్‌తో ఒకసారి పోల్చి చూసుకోండి. ముందు మూడు ట్యాంకులు ఎండాకాలం ఏసీతో, తర్వాతివి డిసెంబరులో ఏసీ లేకుండా అయితే పోలికకు అర్థం ఉండదు.

కొత్త చక్రాలు వేశాక గాలి ఎంత పట్టించాలి?

సైజు మారకపోతే తలుపు స్తంభం మీది స్టిక్కరు చెప్పినంతే. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కొన్ని గంటలు ఆగి ఉండి, ఆ తర్వాత కొద్ది దూరానికి మించి నడవకముందే చూడాలి. ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మే నెలలో అనంతపురంలో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో సరిగ్గా 33 పట్టించుకొని, రాత్రికి బెంగళూరు చేరి, తెల్లవారుజామున 22 డిగ్రీల్లో కొలిస్తే 33 కన్నా బాగా తక్కువే కనిపిస్తుంది. అందుకే ఊరి నుంచి వచ్చిన మర్నాడు ఆఫీసుకు బయలుదేరేటప్పుడు ఇంటికి దగ్గరి బంకులోనే ఆగి నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చూపించుకోండి.